ఫ్లై కట్టడం నేర్చుకునేవారు మొదట ఏమేం కొనాలి, ఎలా చూసి కొనాలి?

గాలపు ముల్లు మీద దారంతో ఈకలు, బొచ్చు, తీగ బిగించి, నీటిలో బతికే పురుగునో చిన్న చేపనో పోలిన ఎరను తయారు చేయడాన్నే ఫ్లై కట్టడం అంటారు. పెన్సిల్వేనియాలో హారిస్‌బర్గ్, మెకానిక్స్‌బర్గ్ ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడికి దగ్గరలోనే ట్రౌట్ చేపలకు పేరుపొందిన ఎల్లో బ్రీచెస్ వాగు, కార్లైల్ ఊరిలోంచి పారే లెటార్ట్ ఊటవాగు, చివరకు ఆ నీళ్లన్నీ చేరే సస్క్వెహానా నది ఉన్నాయి. ఒకటి రెండేళ్లు ఆ నీళ్లలో ఫ్లై రాడ్ విసిరినవారికి, కొన్న ఫ్లైలు చెట్టుకొమ్మలకు సమర్పించుకోవడం కంటే స్వయంగా కట్టుకుంటే బాగుంటుందన్న ఆలోచన తప్పకుండా వస్తుంది. అలా మొదలుపెట్టబోయేవారు ఏ వరుసలో ఏమేం కొనాలో, కొనేముందు ఏం పరీక్షించాలో ఇక్కడ వివరిస్తాను.

మొదట ఫ్లైని ఎంచుకోండి

దుకాణానికి వెళ్లేముందు ఏ ఫ్లై కట్టబోతున్నారో నిర్ణయించుకుని, దానికి కావలసినవి మాత్రమే కాగితం మీద రాసుకోండి. ఈ ఒక్క పని చేయకుండా వెళ్తే గోడ నిండా వేలాడే రంగురంగుల పొట్లాల ముందు నిలబడి, దేనితోనూ ఏదీ పూర్తికాని ఇరవై రకాల సామాన్లు కొనుక్కుని ఇంటికి వస్తారు. పెట్టెలో అన్నీ అమర్చి అమ్మే కిట్‌ల ఇబ్బంది కూడా ఇదే. నేను మొదట కొన్న కిట్‌లో పేరు రాయని ఈకల పొట్లాలు పదికి పైగా ఉన్నాయి, ముళ్లు మాత్రం ఆ ఈకలకు సరిపోని సైజువి. ముల్లును బిగించే సాధనమైన వైస్ దవడలు దాన్ని పట్టి ఉంచలేకపోయేవి. దారం బిగించిన ప్రతిసారీ ముల్లు కిందికి వాలిపోతుంటే, లోపం నా చేతిలో ఉందనుకుని రెండు నెలలు గడిపాను.

మొదటి ఫ్లైగా ఊలీ బగ్గర్‌ను ఎంచుకోమని నా సలహా. ఈ ఫ్లైకి మూలకర్తగా పెన్సిల్వేనియాకే చెందిన రస్సెల్ బ్లెస్సింగ్ పేరు చెబుతారు. మెత్తని తోక, లావుపాటి ఒళ్లు, ఒంటి పొడవునా చుట్టిన ఈక, ఇంతే దాని నిర్మాణం. ట్రౌట్ మాత్రమే కాక సస్క్వెహానాలోని స్మాల్‌మౌత్ బాస్ అనే చేప కూడా దీన్ని పట్టుకుంటుంది. దారం బిగించడం, ఈకను ముడివేయడం, చుట్టడం, తలకట్టు (ఫ్లై తల దగ్గరి చివరి దారపు కట్టు) ముగించడం వంటి ప్రాథమికమైన పనులన్నీ ఈ ఒక్క ఫ్లైలో ఉన్నాయి. అది పెద్దది కనుక చేసిన తప్పు కంటికి స్పష్టంగా కనిపిస్తుంది.

వైస్, కత్తెర, బాబిన్

డబ్బు ఖర్చు పెట్టవలసింది ఈ మూడింటి మీదే. మిగతా పనిముట్లు చవకవైనా నడుస్తాయి, కొన్ని లేకపోయినా నడుస్తుంది.

వైస్ అంటే ముల్లును కదలకుండా పట్టి ఉంచే సాధనం. ముల్లును దాని ఇరుసు మీద గుండ్రంగా తిప్పగలిగే రోటరీ వైస్‌లు సౌకర్యమే గానీ, మొదటి ఏడాది వాటి అవసరం రాదు. మీరు చూడవలసింది దవడలను. దుకాణంలోనే 8వ సైజు ముల్లును దవడల్లో బిగించి, దాని కంటి (గాలపు దారం కట్టే రంధ్రం) మీద బొటనవేలితో గట్టిగా కిందికి నొక్కండి. ముల్లు విల్లులా వంగాలి తప్ప దవడల్లోంచి జారకూడదు. అదే పరీక్షను 16వ సైజు ముల్లుతోనూ చేయండి. రెండింటినీ పట్టగలిగిన వైస్ ఎంత సాదాగా కనిపించినా తీసుకోవచ్చు. బల్ల అంచుకు బిగించే మరతో వచ్చేది కొనాలా, బరువైన పీట మీద నిలబడేది కొనాలా అన్నది మీ ఇంటి బల్లను బట్టి ఉంటుంది. గుండ్రని అంచున్న భోజనాల బల్ల మీద మర సరిగా కూర్చోదు కాబట్టి అలాంటి ఇంట్లో పీట ఉన్నదే మేలు. సుమారుగా 70 నుంచి 120 డాలర్ల మధ్య పదేళ్లు పనిచేసే వైస్ దొరుకుతుంది.

కత్తెర నాలుగు అంగుళాలది, మొన సన్ననిది, వేళ్లు దూరే రంధ్రాలు వెడల్పుగా ఉన్నది ఎంచుకోండి. కట్టేంతసేపూ దాన్ని కింద పెట్టకుండా ఉంగరపువేలికి తగిలించి అరచేతిలోనే ఉంచుకోవడం అలవాటు చేసుకుంటే పని సగానికి సగం తేలికవుతుంది. బిగువుగా లాగిన దారాన్ని కత్తెర మొనతో తాకి చూడండి. మంచి కత్తెర మొన దగ్గరే తెంపుతుంది, నాసిరకం కత్తెర దారాన్ని నమిలి వదిలేస్తుంది. తీగను ఈ కత్తెరతో ఎప్పుడూ కత్తిరించకండి, దానికి ఇంట్లో ఉన్న పాత కత్తెరను కేటాయించండి.

బాబిన్ అంటే ఇక్కడ కుట్టుమిషన్‌లో వేసేది కాదు. దారపు కండెను చేతుల్లాంటి తన రెండు కడ్డీల మధ్య పట్టుకుని, సన్నని గొట్టంలోంచి దారాన్ని వదిలే పిడి అది. గొట్టం మూతిలో కంటికి కనిపించని గరుకు ఉన్నా దారం నలిగి తెగుతూ ఉంటుంది, నేర్చుకునే మనిషి దాన్ని తన చేతి దోషమనుకుంటాడు. అందువల్ల మరికాస్త ఎక్కువ పెట్టి పింగాణీ గొట్టం ఉన్న బాబిన్‌ను కొనండి. దారం చివర వేలాడదీసినప్పుడు అది తన బరువుకు జారకుండా ఆగాలి, మెల్లగా లాగితే దారం వదలాలి. మరీ బిగువుగా ఉంటే దాని రెండు చేతులను వేళ్లతో కాస్త విప్పి వంచితే సరిపోతుంది, మరీ వదులుగా ఉంటే లోపలికి నొక్కండి.

వీటికి తోడు మూడు చిన్న వస్తువులు కావాలి. ఈక కొసను పట్టుకుని చుట్టడానికి హాకిల్ ప్లయర్స్, తలకట్టు ముగించడానికి విప్ ఫినిషర్, జిగురు చుక్క పెట్టడానికీ దారం కింద ఇరుక్కున్న బొచ్చును పైకి తీయడానికీ ఒక దబ్బనం. విప్ ఫినిషర్‌లో మొదట్లో తికమక పడతారు. దాన్ని ఫ్లై మీద నేర్చుకోవద్దు, ఖాళీ ముల్లు మీద తెల్లదారంతో యాభైసార్లు వేసి నేర్చుకోండి. జింక వెంట్రుకల కొసలను సరిచేసే స్టాకర్, డబ్బింగ్ (దారానికి పట్టించే బొచ్చు) మెలితిప్పే సాధనం వంటివి ఇప్పుడే కొనవద్దు. ఊలీ బగ్గర్‌లో వాటికి చోటే లేదు.

దారం

మొదలుపెట్టేవారు పైపైన చూసి వదిలేసేదీ, కానీ పని నాణ్యతను అన్నిటికంటే ఎక్కువగా నిర్ణయించేదీ దారమే. మల్లెపూలు మాల కట్టినవారికి ఈ సంగతి చెప్పనక్కర్లేదు. వదులుగా కడితే పువ్వు జారిపోతుంది, మరీ బిగిస్తే కాడ తెగుతుంది, ఆ రెండింటికీ మధ్యనున్న బిగువు వేళ్లకు తెలియాలి. ఫ్లై దారం కూడా అంతే. తెగేదానికి కాస్త ముందు ఆగే బిగువుతోనే ప్రతి చుట్టూ పడాలి.

ప్యాకెట్ల మీద 6/0, 8/0 అని రాసి ఉంటుంది. పాత పద్ధతి ప్రకారం మొదటి అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. అయితే ఆ అంకెలకు అందరూ పాటించే ప్రమాణం లేదు. యూని కంపెనీ 6/0 దారం సుమారు 135 డెనియర్లు ఉంటే, డాన్‌విల్ కంపెనీ 6/0 దారం 70 డెనియర్లే, అంటే అంకె ఒకటే అయినా లావులో దాదాపు రెట్టింపు తేడా. కనుక అంకెను వదిలి డెనియర్ చూసి కొనండి. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. పోచంపల్లిలోనో ధర్మవరంలోనో పట్టు నేసే ఇంటి నుంచి వచ్చినవారికి ఈ కొలత కొత్తది కాదు. ఊలీ బగ్గర్‌కు నల్లని 140 డెనియర్ల దారం ఒక కండె చాలు. అది గట్టిగా లాగినా ఓర్చుకుంటుంది, తప్పు చేసే చేతిని క్షమిస్తుంది.

బల్లపరుపుగా పరుచుకునే దారం, మెలితిరిగి గుండ్రంగా ఉండే దారం అని రెండు తీరులున్నాయి. పరుచుకునే రకం కొంటే ఒక విషయం తెలుసుకోండి. ముల్లు చుట్టూ చుట్టేకొద్దీ దానిలో మెలి ఎక్కి అది తాడులా మారుతుంది. కుడిచేతివాటం వారు మధ్యమధ్యలో బాబిన్‌ను వేలాడదీసి, పైనుంచి చూస్తే గడియారపు ముల్లుకు ఎదురుదిశలో తిరిగేలా ఒకసారి తిప్పితే ఆ మెలి విడిపోయి దారం మళ్లీ రిబ్బనులా పరుచుకుంటుంది. అదే దారాన్ని రెండో దిశలో తిప్పితే తాడులా మారి, జారే వస్తువును కొరికి పట్టుకుంటుంది. ఒకే కండె రెండు రకాలుగా పనిచేస్తుందన్నమాట.

కొన్నరోజున మొదటి గజం దారాన్ని పరీక్షకే ఖర్చుపెట్టండి. ముల్లుకు పది చుట్లు చుట్టి, బాబిన్‌ను మెల్లమెల్లగా లాగుతూ తెగేదాకా బలం పెంచండి. అలా ఐదారుసార్లు తెంపితే ఎక్కడ ఆగాలో చేతికి తెలిసిపోతుంది.

ముళ్లు, బరువు

ముల్లు సైజు అంకె పెరిగేకొద్దీ ముల్లు చిన్నదవుతుంది, 16వ సైజు 8వ దాని కంటే బాగా చిన్నది. ఊలీ బగ్గర్‌కు 8వ సైజు, 3ఎక్స్ పొడవు కాడ ఉన్న స్ట్రీమర్ (చిన్న చేపను పోలిన ఫ్లై) ముళ్లు కావాలి. 3ఎక్స్ అంటే మూడు సైజులు పెద్దదైన ముల్లుకు ఉండేంత కాడ అని అర్థం. మస్టాడ్ 9672, టీమ్కో 5263 ఈ కోవలోనివే. పాతిక ముళ్ల పొట్లం ఒకటి తీసుకోండి. నాలుగు సైజుల్లో నాలుగు పొట్లాలు వద్దు, చేయి కుదరాలంటే ఒకే సైజు మీద పాతిక కట్టాలి.

ముల్లుకు ఎదురుపళ్లు ఉంటే కట్టకముందే వాటిని సన్నపట్టకారుతో నొక్కి పడుకోబెట్టండి. చేపను గాయపరచకుండా వదిలేయడానికి అది మేలు, మీ వేలిలో దిగినా తేలికగా బయటికి వస్తుంది. అంతా కట్టాక నొక్కితే ముల్లు విరిగి చేసిన పని వృథా కావచ్చు.

బరువుకు రెండు మార్గాలున్నాయి. ముల్లు కంటి దగ్గర 4 మిల్లీమీటర్ల ఇత్తడి పూసను ఎక్కించడం ఒకటి, కాడ మీద అర మిల్లీమీటరు మందం తీగను పది పన్నెండు చుట్లు చుట్టడం రెండోది. సాంద్రతలో ఇత్తడి సుమారు 8.5, సీసం 11.3, టంగ్‌స్టన్ 19.3. అందువల్ల టంగ్‌స్టన్ పూస చిన్నదిగా ఉండి వేగంగా మునుగుతుంది, ధర కూడా అలాగే ఉంటుంది. మొదటి పాతికకు ఇత్తడి చాలు. తీగ కొనేటప్పుడు సీసం లేనిదే అడగండి. యెల్లోస్టోన్ జాతీయ ఉద్యానవనం వంటిచోట్ల సీసమున్న గాలపు సామాను నిషిద్ధం, ఇంట్లో పిల్లలుంటే ఆ నిషేధం మనమే పెట్టుకోవాలి. పూస రంధ్రం ఒకవైపు చిన్నదిగా, మరోవైపు పెద్దదిగా ఉంటుంది. చిన్నవైపు ముల్లు కంటివైపు ఉండాలి.

ఈకలు

తోకకు మారబూ కావాలి. ఆ పేరు మారబూ కొంగ నుంచి వచ్చినా నేడు అమ్మేది టర్కీ కోడి మెత్తని ఈకే. పొట్లాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడండి. నూగు కొసదాకా సన్నగా సాగి, కొసలు దాదాపు ఒకే ఎత్తులో ఉన్న ఈకలు తోకకు పనికొస్తాయి. మధ్య కాడ లావుగా ఉండి నూగు పొట్టిగా ఉన్నవి పనికిరావు. పొడిగా ఉన్నప్పుడు అది గాలికి ఎగిరి ముక్కులోకీ దారంలోకీ దూరుతుంది. వేళ్లను కాస్త తడిచేసుకుని తోక నూగును ఒకసారి దువ్వితే పెన్సిలు మొనలా ముద్దకట్టి మాటవింటుంది, పొడవు కొలవడమూ సులువు. తోక పొడవు ముల్లు కాడ పొడవంత ఉంటే సరి. ఒక ఈకను గ్లాసు నీళ్లలో ముంచి దారంతో మెల్లగా కదిలించి చూడండి. చేతిలో బూజులా కనిపించినది నీళ్లలో ప్రాణమున్నదానిలా ఊపిరి తీస్తుంది, చేప మోసపోయేది ఆ కదలికకే.

ఒంటికి మధ్యరకం లావున్న షెనీల్ అనే నూగుదారం. దాన్ని కట్టేముందు కొస దగ్గర పావు అంగుళం మేర నూగును గోటితో గీరి తీసేసి, లోపలి నూలును మాత్రమే ముల్లుకు బిగించండి. అలా చేయకపోతే తోక దగ్గర బుడిపె వస్తుంది.

ఒంటి మీద చుట్టే ఈకను హాకిల్ అంటారు. అది పుంజు మెడదో, నడుముదో అయి ఉంటుంది. ఊలీ బగ్గర్‌కు దారానికి గుచ్చి అమ్మే నల్లని నడుము ఈకల చిన్న కట్ట చాలు. ఈకను వంచి చూస్తే పోగులు విడివిడిగా నిలబడతాయి. ఆ పోగుల పొడవు ముల్లు నోటి (కాడకూ మొనకూ మధ్య ఖాళీ) వెడల్పుకు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉండాలి. కాడకు దగ్గరగా మసకగా, మెత్తగా కనిపించే భాగం నీటిని పీల్చుకుంటుంది కనుక మునిగే ఫ్లైకి అది మంచిదే. నీటిపై తేలే ఫ్లైకి మాత్రం ఆ మసక లేని, బిరుసైన, నిగనిగలాడే ఈక కావాలి. దానికోసమే ప్రత్యేకంగా పుంజులను పెంచి మెడతోలు మొత్తంగా అమ్ముతారు. మేలురకం ధర వంద డాలర్లు దాటవచ్చు కాబట్టి తేలే ఫ్లైల జోలికి వెళ్లేదాకా దాన్ని కొనకండి.

అలాంటి పెంపకాలు రాకముందు తేలే ఫ్లైలు కట్టేవారు ఎక్కువగా ఆధారపడినది మన దేశపు నాటుపుంజుల మెడతోళ్ల మీదే. నేటికీ వాటిని ఇండియన్ నెక్ అనే పేరుతో తక్కువ ధరకు అమ్ముతారు. గోదావరి జిల్లాల నుంచి వచ్చినవారు డేగ, కాకి, నెమలి, సేతువ, కౌజు అంటూ పుంజును ఈకల రంగుతో గుర్తుపడతారు కదా, ఫ్లై కట్టేవారికీ అలాగే గ్రిజ్లీ, బ్యాడ్జర్, జింజర్, ఫర్నెస్ అని పేర్లున్నాయి. ఆ కన్ను ఉన్నవారు ఈకలు ఎంచుకోవడంలో త్వరగా ఆరితేరతారు.

చివరగా, హాకిల్ చేప పళ్లకు తెగిపోకుండా దాని మీదుగా అడ్డంగా చుట్టడానికి సన్నని రాగితీగ ఒక కండె తీసుకోండి. తలకట్టు మీద చుక్క పెట్టడానికి రంగులేని గోళ్లరంగు సరిపోతుంది. అల్ట్రావయొలెట్ వెలుతురుకు గట్టిపడే రెసిన్ ప్రస్తుతానికి అక్కర్లేదు.

ఏ ఈక ముట్టుకోకూడదు

ఇది తప్పనిసరిగా తెలుసుకోవలసిన విషయం. అమెరికాలో 1918 నాటి వలసపక్షుల ఒప్పంద చట్టం కింద అక్కడి సహజమైన పక్షుల్లో అధికశాతం వాటి ఈకలను దగ్గర ఉంచుకోవడం నేరం. పార్కులో కెనడా బాతు రాల్చిన ఈక, పెరట్లో దొరికిన బ్లూ జే ఈక కూడా దీని కిందికే వస్తాయి. చట్టబద్ధంగా వేటాడిన బాతుల ఈకలను ఫ్లైలకు వాడేందుకు మినహాయింపు ఉంది. టర్కీ, ఫెజెంట్, పెంపుడు కోడి ఈ చట్టం పరిధిలో లేవు. దుకాణంలో కొన్నవాటితో మొదలుపెడితే ఈ చిక్కే ఉండదు.

నెమలి పింఛంలోని పోగులు ఫ్లైలకు అమూల్యమైనవి. అలాగని ఊరి నుంచి వచ్చేటప్పుడు పెట్టెలో పింఛాలు పెట్టుకురావద్దు. సహజంగా రాలిన నెమలి ఈకలను దేశంలో అమ్ముకోవచ్చు గానీ, భారతదేశం నుంచి వాటిని బయటికి పంపడం నిషిద్ధం. గోదావరికి దక్షిణాన మన అడవుల్లో తిరిగే బూడిదరంగు అడవికోడి మెడ ఈకలను ఒకప్పుడు సాల్మన్ ఫ్లైలకు విపరీతంగా వాడారు. ఆ పక్షి మన వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉంది, దాని ఈకలను ఎవరు చవకగా ఇవ్వజూపినా తీసుకోకండి.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉండి, సెలవుల్లో హిమాచల్‌లోని తీర్థన్ లోయకు ట్రౌట్ కోసం వెళ్లేవారు కోళ్ల దుకాణంలో నాటుకోడి ఈకలు అడిగి తెచ్చుకోవచ్చు. గిన్నెలు తోమే సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో కడిగి, నీడన బాగా ఆరబెట్టండి. ఈక మొదట్లో ఉండే మెత్తని నూగు చిన్న ఫ్లైల తోకలకు మారబూకు బదులుగా చక్కగా పనిచేస్తుంది.

ఇంట్లో అమర్చుకోవడం

బల్ల మీద లేతరంగు కాగితం పరచి, దీపాన్ని ఎడమ భుజం మీదుగా కాకుండా వైస్‌కు ఎదురుగా, కళ్లలో పడకుండా వంచి పెట్టండి. వైస్ పీటకు చిన్న అయస్కాంతం అంటించి ముళ్లన్నీ దాని మీదే ఉంచండి. ఇంట్లో చెప్పులు వేసుకోని అలవాటు మనది. తివాచీలో పడ్డ 8వ సైజు ముల్లు ఎవరి పాదంలో దిగుతుందో చెప్పలేం, కాబట్టి మొదలుపెట్టేటప్పుడు లెక్కపెట్టిన ముళ్లను లేచేటప్పుడు మళ్లీ లెక్కపెట్టండి.

బయటినుంచి వచ్చిన ఏ ఈకనైనా, తోలునైనా మిగతావాటితో కలిపేముందు గాలి చొరని సంచిలో మూసి వారంపాటు ఫ్రీజర్‌లో ఉంచి, ఒకటిరెండు రోజులు బయటపెట్టి, మళ్లీ వారం ఫ్రీజర్‌లో పెట్టండి. మొదటి చలికి చావని పురుగు గుడ్లు పొదిగినా రెండోసారికి చస్తాయి. కలరా ఉండలు వేస్తే పురుగు రాకపోవచ్చు గానీ ఆ వాసన ఈకను పట్టి వదలదు, పైగా పడకగదిలో పెట్టుకునే సామానుకు అది మంచిది కాదు.

పాతిక ఊలీ బగ్గర్లు పూర్తయ్యాక రెండో విడత కొనుగోలుకు వెళ్లండి. ఈసారి ఫెజెంట్ టెయిల్ నింఫ్ (నీటిపురుగు పిల్లదశను పోలిన ఫ్లై) కోసం 14వ సైజు నింఫ్ ముళ్లు, 2.8 మిల్లీమీటర్ల పూసలు, 70 డెనియర్ల గోధుమరంగు దారం, ఫెజెంట్ పుంజు తోక ఈక ఒకటి తీసుకుంటే చాలు, రాగితీగ ముందే మీ దగ్గర ఉంది. ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్‌లో ఏవన్ నదికి కాపలాదారుగా పనిచేసిన ఫ్రాంక్ సాయర్ ఈ ఫ్లైని రూపొందించినప్పుడు దారమే వాడలేదు. ఈక పోగులను రాగితీగతోనే బిగించాడు, బరువూ కట్టూ రెండూ ఆ తీగే. రెండు మూడు ఫ్లైలను మీరూ అలా తీగతోనే కట్టి చూడండి.